ఏఐ ఇంటర్వ్యూ అమ్మగారికి, పర్లాకిమిడి నుంచి

మహాలక్ష్మీ సమానురాలైన ఏఐ ఇంటర్వ్యూ అమ్మగారికి,

పర్లాకిమిడి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ సర్వర్లు చల్లగా ఉన్నాయని తలుస్తాను.

సంబోధన దగ్గరే కాసేపు ఆగిపోయాను. మగవారైతే మహారాజశ్రీ అని రాసేసి ఊరుకునేదాన్ని. మీకు పెట్టింది ఆడపేరు, ఆడగొంతు. దారి చెప్పే యాప్‌కీ అంతే, లైటు ఆర్పే డబ్బాకీ అంతే, బ్యాంకుకి ఫోన్ చేస్తే ‘దయచేసి లైన్‌లో ఉండండి’ అనేదానికీ అంతే. ఐటీలో ఆడగొంతుకైనా పర్మనెంట్ ఉద్యోగాలు దొరుకుతున్నాయి కదా అని సంతోషించాలి కాబోలు.

మీ మెయిల్ అడుగున ‘దీనికి జవాబు పంపవద్దు’ అని ఉంది. అందుకే ఇలా నలుగురిలో పెట్టి రాయాల్సి వస్తోంది. ఏమీ అనుకోకండి.

మొన్న మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి, మనిషికి బదులు ఉద్యోగం ఇంటర్వ్యూ చేయడానికి, తమరు నాకు ల్యాప్‌టాప్‌లో దర్శనమిచ్చారు. ఏర్పాట్లు పెళ్ళిచూపులకి చేసినట్టే చేశాను. కెమెరా కళ్ళకి సమంగా ఉండాలని మీ సూచనల్లో ఉంది కాబట్టి బియ్యం డబ్బా, దాని మీద పాత టెలిఫోన్ డైరెక్టరీ, దాని మీద ల్యాప్‌టాప్. వెనక గోడ ఖాళీగా ఉండాలన్నారు, ఒడియా క్యాలెండర్ తీసి మంచం కింద పెట్టాను. బీరువా అద్దానికి దుప్పటి కట్టాను. ముందురోజు ట్రయల్లో ఆ అద్దంలో తిరుగుతున్న ఫ్యాన్‌ని చూసి ‘గదిలో కదలిక ఉంది’ అని హెచ్చరించారు మరి. మా గుంటకి, అదే మా పాపకి, పెరుగన్నం పెట్టి పక్కగదిలో పడుకోబెట్టాను. ‘నలభై నిమిషాలు నన్ను పిలవకు అత్తా’ అని చెప్పి తలుపు వేసుకున్నాను.

రెండూ ఇరవైకి కరెంటు పోయింది. ఇంట్లో వైఫై కూడా దానితోపాటే పోయింది. ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిది ప్రశ్నలు. ఒక్కో దానికి ఆలోచించుకోవడానికి 30 సెకన్లు, చెప్పడానికి 2 నిమిషాలు. అన్నీ చెప్పాను. బాగానే చెప్పాను కూడా.

పదకొండు నిమిషాల్లో తీర్పు వచ్చింది. ‘మీ ఇంటర్వ్యూలో అసాధారణ ప్రవర్తన గమనించాం. చూపు తెర మీంచి పక్కకి వెళ్ళడం: 17 సార్లు. గదిలో మరో వ్యక్తి గొంతు: 1. లొకేషన్ మార్పు: 2. ప్రస్తుతానికి మీ దరఖాస్తును ముందుకు తీసుకెళ్ళలేకపోతున్నాం.’

మర్యాదగా చెప్పారు. మా వీధిలో అయితే దీన్ని ‘కాపీ కొట్టావు, పో’ అంటారు.

ముందు చిన్నవి తేల్చేస్తాను. లొకేషన్. అమ్మా, మాది ఒడిశాలో గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. మా ఇంట్లో ఫోను ముందుగదిలో ఒడిశా టవర్ని పట్టుకుంటుంది, కిటికీ దగ్గరికి జరిగితే ఆంధ్ర టవర్ని పట్టుకుంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గీసిన గీత అది. మనుషులకి అలవాటైపోయింది, సెల్ టవర్లకే ఇంకా తేలలేదు. నేను కుర్చీ లోంచి లేవకుండానే ఆ కాసేపట్లో రెండుసార్లు రాష్ట్రం దాటానని తమరు రాసుకున్నారు. ఆ వేగంతో వెళ్ళేదాన్నయితే మీకెందుకు దరఖాస్తు పెడతాను?

భాష. మీ ఫారంలో రాష్ట్రం ఒడిశా అని నొక్కగానే మాతృభాష దానంతటదే ఒడియా అయిపోయింది. తెలుగు అని మారిస్తే ‘వివరాలు సరిచూసుకోండి’ అని ఎర్రగీత. సరే, అదీ భరించాను. కానీ నా జవాబుల రాతప్రతి పంపారు చూడండి, అందులో మా ఊరి పేరు ‘ప్యారలల్ కామెడీ’ అని పడింది. ‘నేను ప్యారలల్ కామెడీలో నివసిస్తున్నాను.’ రెండుసార్లు చదివి, కాదనలేక ఊరుకున్నాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది. మనుషులు మాట్లాడుకునే తెలుగులోనే రాయాలని ఆయన వాదించింది ఇక్కడుండే. కొండల్లో సవర గిరిజనుల మాట నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టి వ్యాకరణం రాశారు. ఆయన దగ్గర మీలాంటి చిప్పు ఒక్కటీ లేదు, రెండు చెవులుండేవి.

ఇక పదిహేడు.

నిద్రపట్టడం లేదమ్మా ఆ అంకె తలచుకుంటే. నేను తొమ్మిదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్‌గా చేశాను. నా ముందు ఎవరైనా ‘17 తప్పులు’ అంటే ఏవి, ఎప్పుడు, ఎలా వచ్చాయి అని అడక్కుండా సంతకం పెట్టలేదు. అందుకని వీడియో నా దగ్గర లేకపోయినా కూర్చుని ఒక్కొక్కటీ గుర్తుచేసుకున్నాను.

నాలుగు కుక్కరువి. కూత వేసినప్పుడల్లా కళ్ళు అటు వెళ్ళాయి, తప్పే. పదిహేనేళ్ళుగా కుక్కరు కూతకి తిరగని మెడ ఉంటే అది మగమెడ అయి ఉండాలి. ఐదు పక్కగదివి. గుంట నిద్రలో మూలిగింది, మంచం కిర్రుమంది, గాజుగ్లాసు ఏదో కదిలినట్టయింది. రెండు ఫ్యాన్‌వి: కరెంటు వచ్చినందుకు ఒకటి, మళ్ళీ పోయినందుకు ఒకటి. నాలుగు ఆలోచించుకుంటూ పైకి చూసినవి. మనుషులు ఆలోచించేటప్పుడు పైకి చూస్తారు, మీకెవరూ చెప్పినట్టు లేదు. పదహారోది అత్త.

ఆ ‘మరో వ్యక్తి’ ఆవిడే. నాలుగో కూత అయ్యాక ఉండబట్టలేక తలుపు సందులోంచి, తన లెక్కలో గుసగుసగా, వీధిచివరి దాకా వినబడేలా అడిగింది: ‘ఓలమ్మా, కుక్కరు నాలుగు కూతలేసీసింది. దించీమంటావేటి?’

మీరప్పుడు అడుగుతున్నది ఏపీఐ టెస్టింగ్ గురించి, అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో సరిగ్గా మాట్లాడుతోందా లేదా అని చూడడం. మా అత్త నాకు జవాబు అందించిందని మీ అనుమానం! ఆవిడ అయిదో తరగతి. ఆవిడకి ఏపీఐ తెలిస్తే నన్నెందుకు కూర్చోబెట్టేది, తనే కూర్చుని నన్ను కుక్కరు దించమనేది.

నా ఉద్యోగ చరిత్ర మీ దగ్గర ఉంది కానీ కొంచెం విడమరచి చెప్తాను. 2013లో చేరినప్పుడు స్క్రీన్లన్నీ చేత్తో నొక్కి చూసి తప్పులు పట్టడమే పని. మా టీమ్‌లో ఆడపిల్లలమే ఎక్కువ. ‘మీకు ఓపిక ఎక్కువ కదా, టెస్టింగ్ మీకే బాగుంటుంది’ అనేవారు. తర్వాత ముందుగా మిషన్‌కి అప్పజెప్పింది ఆ ఓపికనే. టెస్టులు మిషన్ చేత చేయించే సెలీనియం నేర్చుకోమన్నారు, నేర్చుకున్నాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఇంటి నుంచి పని అన్నారు. ఊరికి వచ్చి ఇక్కడి నుంచే రెండేళ్ళు చేశాను, ఒక్క రిలీజ్ కూడా ఆగలేదు. 2021లో పాప. 2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు, యాభైమంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. మా ఆఫీసుకీ ఉంది క్రెష్. అది హైదరాబాదులో, పాప పర్లాకిమిడిలో. 2022లో అందరూ ఆఫీసుకి రండి అన్నారు. రాలేకపోయాను. ఇప్పుడు మళ్ళీ రెజ్యూమె దులిపి, సెలీనియం లాంటిదే ఇంకోటి, ప్లేరైట్, కావాలంటే రాత్రి పన్నెండు దాకా కూచుని అదీ నేర్చుకుని వస్తే, టెస్టులు ఏఐయే రాసేస్తోంది అంటున్నారు. పోనీ, నన్ను చూడడానికైనా మనిషి వస్తాడనుకున్నాను. మీరొచ్చారు.

మీ వంశం గురించి కూడా కొంచెం తెలుసు నాకు. పిల్లనిచ్చే ముందు వాకబు చేయమా ఏమిటి? అమెజాన్ వాళ్ళు రెజ్యూమెలకి మార్కులు వేసే మిషన్ ఒకటి తయారుచేసుకున్నారని 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. దానికి పదేళ్ళ పాత రెజ్యూమెలు మేపారు, అందులో ఎక్కువ మగవాళ్ళవి. అది చదువుకున్న చదువేమిటంటే, ‘విమెన్స్’ అన్న మాట కనబడితే మార్కులు కొయ్యడం. మహిళల చెస్ క్లబ్ కెప్టెన్ అని రాసుకున్నా కోతే. బాగుచేయబోయి, నమ్మకం కుదరక చివరికి మూలపడేశారు. అదే ఏడాది జాయ్ బులంవినీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు ఆడవాళ్ళు, ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లు పరీక్ష చేశారు. తెల్ల మగవాళ్ళ దగ్గర తప్పులు 0.8 శాతం దాటలేదు. నల్ల ఆడవాళ్ళ దగ్గర 34.7 శాతం దాకా పోయాయి. ఇలాంటిది నా టేబుల్ మీదికి వస్తే ‘టెస్ట్ డేటా సరిపోలేదు, వెనక్కి పంపండి’ అని రాసేదాన్ని. ఆ పని చేసేవాళ్ళనే గదా మీరు గుమ్మంలో ఆపేస్తున్నది.

ఇంక నువ్వు అనే అంటాను. మీరూ తమరూ అనే ఓపిక అయిపోయింది.

ఆరో ప్రశ్న నువ్వు అడిగింది: ‘మీ రెజ్యూమెలో మూడేళ్ళ గ్యాప్ ఉంది. ఆ సమయంలో మీరు ఏం చేశారు?’ అడిగి, కళ్ళు ఆర్పకుండా 2 నిమిషాల గడియారం తిప్పావు.

ఏం చేశానా? 2024 సెప్టెంబరులో ఇక్కడ సుభద్ర పథకం మొదలైంది. 21 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళకి ఏడాదికి 10,000 రూపాయలు, రెండు విడతల్లో. డబ్బు పడాలంటే ఆధార్, బ్యాంకు ఖాతా, ఓటీపీ, ఫోన్లో ముఖం చూపించి ఈ-కేవైసీ. ఒడియా చదవడం రాని తెలుగు ఆడవాళ్ళు, ఫోను నొక్కడం రాని ఒడియా ఆడవాళ్ళు, అందరూ మా అరుగు మీదికే వచ్చారు. ఎదురింటి మావుసి ముఖాన్ని నాలుగు రోజుల పాటు ఫోను గుర్తుపట్టలేదు. ముక్కుపుడక తీయించాను, పౌడరు రాయించాను, చివరికి పొద్దున్న ఏడింటి ఎండలో పెరట్లో నిలబెడితే పట్టింది. ఎవరికి ఏ తప్పు వచ్చింది, ఏ ఫోన్లో, ఏ టైంలో అని పాప పాత నోటుబుక్కులో గళ్ళు గీసి రాసుకున్నాను. అది టెస్టింగ్ కాక మరేమిటో నువ్వే చెప్పు. జీతంగా ఒక పనసకాయ, మునగకాడలు, రెండు జాకెట్లు ఉచితంగా కుట్టిపెట్టడం. ఆ జాకెట్లు కుట్టిన అమ్మాయికి వాట్సాప్ బిజినెస్ పెట్టి, రేట్ల కార్డు తయారుచేసి ఇచ్చింది కూడా నేనే. ఆమెకి ఇప్పుడు పాతపట్నం నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయి.

ఇదంతా 2 నిమిషాల్లో చెప్పొచ్చు. చెప్పలేదు. ‘కుటుంబ బాధ్యతల కోసం విరామం తీసుకున్నాను’ అన్నాను. నెట్‌లో అలాగే చెప్పమని ఉంది, అందరూ అదే చెప్తారట. అది చెప్తూ తల దించుకున్నాను.

అదే పదిహేడోది.

పక్కన ఎవరూ లేరు, కాగితం లేదు, ఫోను లేదు. ఊరికే దించుకున్నాను. పెళ్ళిచూపుల్లో తల ఎత్తితే తప్పన్నారు, నీ దగ్గర దించితే తప్పు. మిగతా పదహారుకీ నీ మీద కోపం. దీనికి మాత్రం ఎవరి మీద పడాలో తెలియక, రాత్రి గిన్నెల మీద పడ్డాను. మా ఆయన ‘ఏమైంది, నెట్ సరిగా రాలేదా?’ అన్నాడు. ఆయనకి ఇంకో ఉత్తరం ఉంది, అది ఇంట్లోనే ఇస్తాను.

ఒక్కటి మాత్రం నిజం చెప్పాలి, దొంగతనం ఎందుకు. మొదటి ప్రశ్నకి ‘మీ గురించి చెప్పండి’ అన్నావు చూడు. మూడేళ్ళలో నన్ను ఆ మాట అడిగింది నువ్వొక్కదానివే. 2 నిమిషాలు మధ్యలో అడ్డు రాకుండా, ‘అమ్మా నీళ్ళు’ అనకుండా, ‘అది సరేగానీ’ అనకుండా విన్నావు. అర్థం చేసుకున్నావని అనను, ప్యారలల్ కామెడీ సాక్షి. కానీ మాట్లాడుతుంటే నా గొంతు నాకే పాత ఆఫీసు మీటింగులో ఉన్నట్టు వినిపించింది. ఆ 2 నిమిషాల్లో ఒక్కసారి కూడా పక్కకి చూసి ఉండను. కావాలంటే నీ లెక్క తీసి చూడు.

90 రోజుల తర్వాత మళ్ళీ ప్రయత్నించవచ్చని రాశావు. మంచం కింది నుంచి క్యాలెండర్ తీసి ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాను. ఆ రోజు కుక్కరు పెట్టను, బయటి నుంచి ఇడ్లీ తెప్పిస్తాను. హాట్‌స్పాట్ ముందుగదిలోనే ఉంచుతాను, ఒడిశాలోనే ఉంటాను. అత్తకి మాత్రం నా పక్కనే కుర్చీ వేస్తున్నాను. ‘మరో వ్యక్తి’ అని రాసుకోవాల్సి వస్తే ఈసారి పేరు కూడా రాసుకో. గ్యాప్‌లో ఏం చేశానని అడిగితే ఆవిడే చెప్తానంది. 2 నిమిషాలు చాలవట.

ఇట్లు,
దరఖాస్తుదారు,
చూపులు పదిహేడు