కౌంటీ సగటు, రైతు చేను

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో గ్రామీణ కౌంటీలకు (మన జిల్లాల వంటివి) అందే సాగు రాయితీలపై ఒక వ్యాసం చదివాను. అది ఎవరికెంత ముట్టిందో చెప్పింది గాని, ఆ మొత్తం ఎలా నిర్ణయమవుతుందో వివరించలేదు. నా దృష్టిలో అసలు చర్చించవలసింది దానినే. పంట ఆదాయం పడిపోతే అమెరికా ప్రభుత్వం సొమ్ము ఇచ్చే ఏఆర్‌సీ (అగ్రికల్చర్ రిస్క్ కవరేజ్) కౌంటీ పథకంలో రైతు సొంత చేను ఎంత పండిందన్నది లెక్కలోకి రాదు. కౌంటీ సగటు దిగుబడిని జాతీయ సగటు ధరతో గుణించగా వచ్చే ఆదాయం నిర్ణీత హామీకన్నా తగ్గితేనే చెల్లింపు ఉంటుంది కనుక, వడగళ్లకు మొక్కజొన్న అంతా నేలకొరిగిన రైతుకైనా, చుట్టుపక్కల పంటలు బాగుంటే, ఈ పథకం కింద ఒక్క డాలరూ రాకపోవచ్చు. పంట బీమా ఉంటే అది వేరే సంగతి. పైగా ఈ సొమ్మును ఆ ఏడు విత్తిన విస్తీర్ణంపై కాక, పాత సాగు చరిత్రను బట్టి నమోదైన బేస్ ఎకరాల్లో 85 శాతంపై లెక్కగట్టి, పంట కోసిన మరుసటి ఏడాది అక్టోబరులో గాని ఇవ్వరు. అప్పటిదాకా విత్తనాల బాకీ, బ్యాంకు వడ్డీ ఆగవు కదా!

అయితే ఒక్క విషయంలో ఆ విధానాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. నగదు కౌలుకు ఇచ్చిన భూమిపై వచ్చే చెల్లింపు, నష్టభయాన్ని మోసే కౌలురైతుకే చెందుతుంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే సొమ్ము ఇచ్చి, ఆ పొలాన్ని దున్నిన కౌలురైతును పూర్తిగా వదిలేసింది. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తూనే ఉంది.