పొలం కాగితం లేనివాడి బెయిలు

శిక్ష ఎందుకు వెయ్యాలన్న ప్రశ్నకు న్యాయశాస్త్రంలో ప్రధానంగా మూడు సమాధానాలున్నాయి. చేసినదానికి ప్రతిఫలం అనుభవించాలని ఒకటి, చూసినవాళ్లు భయపడాలని మరొకటి, తప్పు చేసినవాడు మారాలని ఇంకొకటి. నేను మూడోదాని పక్షం. అయితే దేన్ని నమ్మినా నేరం రుజువైన తర్వాతే శిక్ష. 2022 చివరినాటికి మన దేశపు జైళ్లలో ఉన్న సుమారు 5.73 లక్షల మందిలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే, అంటే నేరం ఇంకా రుజువుకానివాళ్లే. వాళ్లలోనూ బెయిలు మంజూరై, జామీను (కోర్టుకు తప్పక వస్తాడని మరొకరిచ్చే పూచీ) దొరక్క లోపలే ఉండిపోయినవాళ్ల నిర్బంధాన్ని ఈ మూడింటిలో ఏదీ సమర్థించదు.

గోదావరి డెల్టాలో ఈ చిక్కు పొలం దగ్గర మొదలవుతుంది. జామీను ఉండేవాళ్లను పొలమో ఇల్లో ఉన్నట్టు కాగితం చూపమంటారు. కోనసీమలోనూ, భీమవరం చుట్టుపక్కలా దాళ్వాకు (రెండో వరి పంటకు) నారు పోసేవాడు చాలాచోట్ల కౌలురైతు. ఊడ్పులు, ఎరువులు, కోతల ఖర్చంతా అతనిదే అయినా పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మాత్రం హైదరాబాదులోనో న్యూజెర్సీలోనో ఉన్న ఆసామిది. గట్టు తగాదాలో కేసు పడితే, అతని అన్నదమ్ములూ తోడల్లుడూ కూడా కౌలుకు చేసేవాళ్లే అయినప్పుడు, అతనికి జామీను ఎవరుంటారు? ఆ ఆసాముల్లో ఈ పత్రిక పాఠకులూ ఉన్నారు కనుకనే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను.

సుప్రీంకోర్టు ఇది చెప్పి చాలా కాలమైంది. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి బెయిలు వచ్చినా మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగారు; అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీనును తోసిపుచ్చారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ షరతును తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద విడుదల చెయ్యమన్నారు. పరాయి ప్రాంతంలో అరెస్టయిన తెలుగువాడు స్థానిక జామీను ఎక్కడినుంచి తేగలడని కూడా ఆ తీర్పులో అడిగారు. ఊరు విడిచి బతుకుతున్న మనకు ఆ ప్రశ్న ఇంకా బాగా అర్థం కావాలి.

2023 జనవరిలో అదే కోర్టు మరింత స్పష్టమైన ఆదేశాలిచ్చింది: బెయిలు వచ్చిన వారంలోగా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు పేదలకు ఉచిత న్యాయసహాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజెయ్యాలి, నెలలోగా జామీను ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతు సడలించే విషయం పరిశీలించవచ్చు. కాగితం మీద ఇంత ఉన్నా, ఆ వారమూ ఆ నెలా లెక్కపెట్టి అడిగే మనిషి ఖైదీ పక్షాన ఉండాలి. గుడికీ బడికీ ఊళ్లకు డబ్బు పంపే మన సంఘాలు అమలాపురంలో, నరసాపురంలో, కాకినాడలో ఆ పనికోసమే ఒక్కొక్క యువ న్యాయవాదికి జీతమిచ్చి నిలబెట్టాలని నా కోరిక.