మహారాజశ్రీ ‘యబాయి’ గారికి

మహారాజశ్రీ యబాయి గారి దివ్యసముఖమునకు, జపనీస్ నాటకాల సంభాషణలను ఇంగ్లిషు సబ్‌టైటిళ్లుగా మార్చి పొట్టపోసుకునే ఒక అనువాదకురాలు నమస్కరించి వ్రాయునది ఏమనగా:

ఉభయకుశలోపరి. మీ కుశలం వేరే అడగనక్కరలేదు. టోక్యోలో నూడుల్స్ రుచి చూసినా మీరే, ఆఖరి రైలు తప్పిపోయినా మీరే, పసిపిల్ల నవ్వినా మీరే, పన్ను నొప్పి పుట్టినా మీరే. మంచికీ చెడుకీ ఇంత చేతినిండా పని ఉన్న విశేషణం జపనీస్ భాషలో మరొకటి లేదు.

ఈ మధ్యాహ్నం మీ పుణ్యమా అని ఒక ఫైలు వెనక్కి వచ్చింది. వీడియో తప్పకుండా పంపుతామని మాటిచ్చిన ఏజెన్సీ, ఎప్పటిలాగే సంభాషణల పట్టిక ఒక్కటే పంపి చేతులు దులుపుకుంది. సమయం, మనిషి పేరు, మాట. పట్టికలో ఉన్నది అంతే. స్నేహితురాలు ‘వచ్చిందా?’ అని అడుగుతుంది. కథానాయిక ‘యబాయి’ అంటుంది. ఆ తరువాతి వరుసలో ఎవరో బస్సు టికెట్టు గురించి మాట్లాడుతున్నారు. ఇంతకీ వచ్చింది ఏమిటి? పరీక్ష ఫలితమా, అబ్బాయి జవాబా, ఇల్లు ఖాళీ చేయమనే నోటీసా? ఆ పిల్ల ఎగిరి గంతేసిందా, కూలబడిందా? మొహం చూస్తే క్షణంలో తేలిపోయే సంగతి. నాకు మొహం ఇవ్వలేదు, మిమ్మల్ని ఇచ్చారు.

సంతోషానికీ సంతాపానికీ అతికేలా ‘నో వే’ అని రాశాను. తెర మీద మీ బతుకు సెకనుకు అటూ ఇటూ. వరుసకు 42 అక్షరాల దాకా రాసుకోవచ్చని నియమం చెప్పినా, ఆ కాస్త వ్యవధిలో అన్ని అక్షరాలు చదవగల కళ్లు ఎవరికీ లేవు. పొట్టి మాటే పెట్టాలి. సమీక్షకుడు దాన్ని కొట్టేసి ‘డేంజరస్’ అని పెట్టాడు. పక్కన వ్యాఖ్య: ‘నిఘంటువు ప్రకారం సవరించడమైనది.’ బడికి వెళ్లే పిల్ల ఫోను చూసుకుని, స్నేహితురాలితో, ట్రాన్స్‌ఫార్మరు మీద పుర్రె బొమ్మ పక్కన రాసే మాట అంటుందట!

నిఘంటువుకూ ఒక ఆధారం ఉందిలెండి. మీ వంశం నిన్న మొన్నటిది కాదు. మీ మూలరూపం ‘యబ’ రెండు వందల ఏళ్ల కిందటి, ఎడో కాలపు హాస్యరచనలోనే కనిపిస్తుంది. ఆ తరువాత దొంగలు, సంతల్లో అంగళ్లు పెట్టుకునే తిరుగుడు వ్యాపారులు మిమ్మల్ని తమ గుట్టుభాషలో చేర్చుకున్నారు. ప్రమాదం, దొరికిపోతాం, పరుగెత్తండి అన్నమాట. అక్కడే బుద్ధిగా ఉండిపోతే మీకు ఈ లేఖ, నాకు ఈ తలనొప్పి ఉండేవి కావు. 1980ల ప్రాంతంలో కుర్రకారు నోట పడి ‘నాసిరకం’ అయ్యారు. ఆపైన తిరగబడి ‘అద్భుతం’ అయ్యారు. పోనీ పాత అర్థాలకు వీడ్కోలు చెప్పారా అంటే అదీ లేదు, అన్నిటినీ వెంటేసుకునే తిరుగుతున్నారు.

జపాన్ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ 2014 ఆర్థిక సంవత్సరపు భాషా సర్వేలో మీ గురించి ప్రత్యేకంగా వాకబు చేసింది. మిమ్మల్ని ‘చాలా బాగుంది’ అనే అర్థంలో వాడతామన్నవారు మొత్తం మీద 26.9 శాతం. 16 నుంచి 19 ఏళ్ల వారిలో 91.5 శాతం! అంటే మీ అర్థం తేల్చాలంటే ముందు మాట్లాడేవారి జనన ధ్రువీకరణ పత్రం చూడాలి. నా పట్టికలో ఆ గడి లేదు.

ఇంగ్లిషులోనూ మీ బాపతు మాటలు లేకపోలేదు. ‘టెర్రిఫిక్’ ఒకప్పుడు భయపెట్టేదే. కానీ అది మంచివైపు వచ్చాక అక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడింది. ‘ఇన్‌సేన్’ కొంతవరకు మీలాగే రెండు వైపులా మొగ్గుతుంది. అయితే టీచరు పూలకుండీ పగలగొట్టి నాలుక కరుచుకున్న పిల్లవాడి నోట దాన్ని పెట్టి చూడండి, ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో. పైగా ఒకే పేజీలో రెండుసార్లు ‘అమేజింగ్’ రాస్తే, పదం మార్చండి, సహజంగా లేదు అని ఎర్ర గీత వస్తుంది. అక్కడ ఆ పిల్ల అదే పేజీలో ఊపిరికొకసారి మిమ్మల్నే అంటున్నా సహజమే!

నా కడుపుమంట అసలు ఎక్కడంటే, ఇదే పని తెలుగులో చేయమంటే నాకు ఆట్టే శ్రమ ఉండదు. పులిహోర కుదిరినా, పక్కింటి గొడవ ముదిరినా, ‘మామూలుగా లేదు’ అంటాం. మంచో చెడో వినేవాళ్లే చూసుకుంటారు. నోటికి వచ్చిన జవాబును పక్కన పెట్టి, ఎవరికీ నోటికి రాని ఇంగ్లిషు కోసం వెతకడమే నా ఉద్యోగం. మా ఇంట్లోవాళ్లేమో గదిలోంచి పదేపదే వినిపించే ‘యబాయి’ని యాభై అనుకుని, ఏ బేరం ఇంతసేపు తెగడంలేదని అడుగుతున్నారు.

మీ తమ్ముళ్ల సంగతి వేరే చెప్పాలా? ఇంగ్లిషు ‘ఎమోషనల్’కు జపనీస్ తోక తగిలించుకుని తయారైన ‘ఎమోయి’ని, 2016లో సన్సేదో నిఘంటు సంస్థ ఆ ఏటి కొత్త మాటల్లో రెండో స్థానంలో కూర్చోబెట్టింది. సాయంత్రపు ఎండ, ఫిల్ము కెమెరా ఫోటో, చిన్నప్పటి పాట, ఇవన్నీ ఎమోయి. దాన్ని తిరిగి ‘ఎమోషనల్’ అని రాస్తే ఇంగ్లిషులో ఆ మనిషి ఏడుస్తున్నట్టు ఉంటుంది. అత్తవారింట పేరు మార్చుకున్న పిల్ల పుట్టింటికి వస్తే, గుమ్మంలో నిలబెట్టి ‘ఎవరమ్మా నువ్వు’ అన్నట్టుంది వ్యవహారం. ఎవరికైనా దేన్నైనా చూసి ఒళ్లు జలదరిస్తే ‘కిమోయి’ అనేస్తారు. ఇంగ్లిషులో అది మనిషి మీద వేసే నింద అయి కూర్చుంటుంది.

‘ఎగుయి’ ఒక్కటే కాస్త నయం. సరిగా ఉడకని చేమదుంప గొంతు పట్టేస్తుంది చూడండి, అసలు అర్థం ఆ పట్టు. ఇప్పుడది దారుణానికీ, అదరగొట్టడానికీ కూడా పనికొస్తోంది. బేస్‌బాల్‌లో చివరి క్షణంలో వంకర తిరిగే ఎగుయి బంతికి ఇంగ్లిషు వ్యాఖ్యాతల ‘నాస్టీ’ అచ్చంగా సరిపోతుంది. ఆ ఒక్క వరుస రాసిన రోజు మాత్రం పండుగే.

మళ్లీ మీ దగ్గరికే వస్తాను, వదిలేద్దామన్నా మీరు వదలరు కదా. మగపిల్లలు మొరటుగా ‘యబే’ అంటారు. ఆశ్చర్యంలో చివరి అచ్చు మింగేసి ‘యబా’ అని ఆపేస్తారు. ఈ తేడాలు ఇంగ్లిషులో ఎక్కడ పెట్టుకోను? ఇవి కూడా భరిస్తాను. ‘యబకునాయి’ని మాత్రం భరించలేను. వ్యాకరణం ప్రకారం అది మీకు వ్యతిరేకం. ‘యబాయి కాదు’ అని అర్థం. గొంతు చివర కొంచెం పైకి లేపితే ‘అదిరిపోలేదూ?’ అని అర్థం. జపనీస్ పట్టికల్లో చాలాసార్లు ప్రశ్నార్థకం పెట్టరు. గొంతు వినిపించదు, మొహం కనిపించదు, గుర్తు ఉండదు!

ఇంకా గారూ మీరూ ఏమిటి, నీ మొహం! సమీక్షకుడిది తప్పంటావు, ఏజెన్సీది తప్పంటావు. వాళ్ల సంగతి వాళ్లతో తేల్చుకుంటాను. ఔననడానికీ కాదనడానికీ ఒకే రూపంలో ఎదురొచ్చే నిన్ను ఏమనాలి? ఎవరు, దేన్ని, ఎందుకు అన్నది ఏనాడైనా వెంట తెచ్చుకున్నావా? కర్త ఉండదు, కర్మ ఉండదు, నువ్వొక్కడివే చేతులూపుకుంటూ వస్తావు. నీ కర్తను నేను వెతకాలి, నీ వయసు నేను లెక్కగట్టాలి, నీ మొహం నేను ఊహించుకోవాలి. ఇంత చేశాక జీతం మాత్రం నిమిషాల లెక్కన. నువ్వున్న సెకనుకు వచ్చేది టీ నీళ్లకు కూడా చాలదు.

రేపటి ఫైలులో ‘యబకునాయి’ అని ఒక వరుస ఉంది, ప్రశ్నార్థకం లేకుండా. వీడియో వచ్చేదాకా ఆ గడి ఖాళీగా ఉంచుతున్నాను. డబ్బులు కోసుకుంటే కోసుకోనీ.

ఇట్లు,
నీ మూలంగా కళ్లజోడు నంబరు పెరిగిన
అనువాదకురాలు