పాత షెవీ పికప్‌లన్నీ ఒకటే అనుకుని బ్రేకులు మార్చకండి

ఇక్కడ టెక్సాస్‌లో పాత షెవ్రొలె పికప్ కొనుక్కుని ఇంటి గరాజ్‌లోనే బాగు చేసుకునే మన తెలుగువాళ్లు నాకు కొందరు తెలుసు. వాళ్ల మధ్య ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "1960 నుంచి 1987 దాకా షెవీ పికప్‌లన్నీ లోపల ఒకటే. జంక్‌యార్డ్‌లో 1973 తర్వాతి బండి దొరికితే డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్ విప్పుకొచ్చి పాత బండికి బిగించేయొచ్చు. స్పానర్ సెట్ ఉంటే చాలు, ఒక్క వీకెండ్‌లో అయిపోతుంది. ముందు డిస్కులు పడ్డాక ఇక బ్రేకుల గురించి టెన్షన్ అక్కర్లేదు."

కొంత నిజం ఉంది కాబట్టే ఈ మాట ఇంత దూరం వచ్చింది. మిగతాది మాత్రం ప్రాణాల మీదకు తెచ్చేది.

"1960 నుంచి 1987 దాకా అన్నీ ఒకటే." కావు. 1960-62 బండ్లకు ముందువైపు టోర్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉంటాయి. 1963లో కాయిల్ స్ప్రింగులు వచ్చాయి, 1972 దాకా ఆ పద్ధతే నడిచింది. 1973లో ఛాసిస్సే మారిపోయింది. ఇదంతా టూ వీల్ డ్రైవ్ బండ్ల సంగతి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు కూడా రెండు చక్రాలనూ కలిపే నిండు యాక్సిలే, దాని లెక్క పూర్తిగా వేరు. 1963-72 బండికి 1973-87 బండి ముందు క్రాస్‌మెంబర్‌ను (ముందు చక్రాల సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలం) మొత్తంగా దించి, ఛాసిస్‌కు కొత్త రంధ్రాలు వేసి ఎక్కించేవాళ్లు ఉన్నారు, అది నిజమే. కానీ అది మొత్తం సెట్టు మార్చడం. మెసేజ్ చెబుతున్నట్టు డిస్కు, కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టేది) విప్పుకొచ్చి తగిలించడం కాదు.

"డిస్కులు నేరుగా పడతాయి." పాత బండి డ్రమ్ బ్రేకు స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు ముక్క) మీద ఈ డిస్కు కూర్చోదు. స్పిండిల్ మార్చాలి, దానికి తగ్గ బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు చూసుకోవాలి. మెసేజ్‌లో అసలు కనిపించని ఇంకో సంగతి చక్రం బోల్టులు. 1970 దాకా సీ-10 (టూ వీల్ డ్రైవ్ అర టన్ను పికప్) చక్రానికి ఆరు బోల్టులు. 1971లో ముందు డిస్కులు స్టాండర్డ్‌గా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడే ఐదు బోల్టులకు మారింది. అంటే జంక్‌యార్డ్ డిస్కులు వేస్తే మీ బండికి ముందు ఐదు, వెనక ఆరు. రాత్రిపూట హైవే మీద పంక్చరైతే మీ దగ్గరున్న ఒక్క స్టెప్నీ ఏదో ఒక వైపుకే పనికొస్తుంది. వెనక యాక్సిల్ కూడా మార్చాలి, లేదా ఆరు బోల్టుల డిస్కులు కొత్తవి కొనాలి. పాత రిమ్ములు కాలిపర్‌కు రాసుకుంటాయేమో కూడా ముందే తిప్పి చూసుకోవాలి.

"డిస్కులు పడ్డాక టెన్షన్ అక్కర్లేదు." ఇదే నన్ను కూర్చోబెట్టి రాయిస్తున్నది. మా పక్క వీధిలో ఉండే తమ్ముడొకడు తన 1966 సీ-10కి డిస్కులు వేశాడు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసే పాత మాస్టర్ సిలిండర్‌ను అలాగే ఉంచేశాడు. పది మైళ్లు నడిపేసరికి బండి ముందుకు కదలడానికి మొరాయించింది. నేను వెళ్లేసరికి ముందు చక్రాల నుంచి కాలిన వాసన, హబ్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. జాక్ ఎత్తి చూస్తే చక్రం చేత్తో తిరగడం లేదు. మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు కాస్త వదులు చేశాం. బ్రేక్ ఆయిల్ చివ్వున చిమ్మింది, వెంటనే చక్రం వదిలేసింది. దోషం ఎక్కడుందో అక్కడే తేలిపోయింది. అక్కడ నట్టు వదిలినా చక్రం వదలక, కాలిపర్ దగ్గర గాలి తీసే స్క్రూ వదిలితేనే తిరిగిందనుకోండి, అప్పుడు అనుమానించాల్సింది రబ్బరు హోస్‌ను. పాత హోస్ లోపల ఉబ్బి ఆయిల్‌ను వెనక్కి రానివ్వదు.

డ్రమ్ముల మాస్టర్ సిలిండర్‌లో ఒక చిన్న వాల్వు ఉంటుంది. కాలు తీశాక కూడా పైపులో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. చక్రాల దగ్గర సిలిండర్ల రబ్బర్లు గాలి పీల్చకుండా అది కాపాడుతుంది. డ్రమ్ములో లైనర్లను వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఆ ఒత్తిడితో ఇబ్బంది లేదు. కాలిపర్‌లో అలాంటి స్ప్రింగులు లేవు. ఆ ఒత్తిడికి ప్యాడ్లు డిస్కుకు అంటుకునే ఉంటాయి.

అంతకన్నా భయపడాల్సింది ఇంకోటుంది. 1966 దాకా ఈ బండ్ల మాస్టర్ సిలిండర్‌లో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ గది. ఎక్కడ ఒక పైపు పగిలినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 నుంచి ముందుకు వేరు, వెనక్కి వేరుగా రెండు గదులు వచ్చాయి. పాత బండికి డిస్కులు వేయాలనుకుంటే మొదట మార్చాల్సింది ఇదే. డిస్కులు లేకుండా ఈ ఒక్కటి మార్చినా బండి ఎంతో భద్రం.

డ్రమ్ములో చక్రం తిరిగే ఊపే లైనర్‌ను లాక్కుని మరింత గట్టిగా అదుముతుంది. డిస్కుకు ఆ సాయం లేదు, పెడల్ మీద ఎక్కువ బలం పెట్టాలి. అందుకే కాలి బలాన్ని పెంచే బూస్టర్ కావాలి. వెనక డ్రమ్ములే ఉంచుకుంటే, ముందూ వెనకా ఒత్తిడి సరిచూసే కాంబినేషన్ వాల్వు కూడా కావాలి. పికప్ వెనక తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాల మీద బరువే ఉండదు. వాన పడ్డ రోడ్డు మీద గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే పట్టేసి బండి గిర్రున తిరుగుతుంది. డిస్కులు వేసిన ధైర్యంతో వేగంగా వెళ్లేవాడికి ఇది మరీ ప్రమాదం.

"పవర్ స్టీరింగ్ కూడా అంతే." టూ వీల్ డ్రైవ్ బండి స్టీరింగ్ బాక్స్ చేయి పక్కలకు ఊగుతుంది. 1973-87 ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఆ చేయి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఒకదాన్ని అలాగే తెచ్చి ఇంకోదాని చోట పెట్టడానికి లేదు. ఆ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో బాక్స్ బిగించిన చోటే ఛాసిస్ పగుళ్లివ్వడం అందరికీ తెలిసిన జబ్బు, కాబట్టి మీది అదే రకమైతే ముందు మట్టి గీకి లైటు వేసి చూడండి. పంపు బ్రాకెట్లు కూడా ఇంజిన్ మీది వాటర్ పంపు పొట్టిదా పొడుగుదా అన్నదాన్ని బట్టి మారతాయి. హోస్ కొసలు పాత బాక్స్‌కు ఒక రకం, తర్వాతి బాక్స్‌కు ఇంకో రకం. కలవని వాటిని బలవంతంగా బిగిస్తే కారడం ఖాయం.

"ఒక్క వీకెండ్." యాభై ఏళ్ల తుప్పు పట్టిన నట్లు విప్పడానికే ఆ రెండు రోజులూ సరిపోతాయి. జంక్‌యార్డ్ సరుకులో స్పిండిల్, బ్రాకెట్లు తెచ్చుకోండి, పర్వాలేదు. హోస్‌లు, సీళ్లు, ప్యాడ్లు మాత్రం కొత్తవే వేయండి. డిస్కు మీద కనీస మందం అంకె పోతపోసి ఉంటుంది, కొలిచాకే తీసుకోండి.

తమ్ముడి బండికి రెండు గదుల మాస్టర్ సిలిండర్, బూస్టర్, వాల్వు వేసి, కాలిన ప్యాడ్లు మార్చి, మళ్లీ గాలి తీసేసరికి మూడు వారాలు పట్టింది. ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్‌లో ఇరవై మైళ్ల వేగంతో పదిసార్లు తొక్కి చూశాం. దిగి నాలుగు హబ్బులూ చేత్తో తడిమాం. చెయ్యి పెట్టి ఉంచగలిగాం.