మళ్లీ అదే కన్ను, అదే కన్నీటి బొట్టు

బెంగళూరులో ఆర్ట్ కాలేజీ అడ్మిషన్లకు పిల్లల బొమ్మలు చూడ్డానికి ఏటా నన్నూ పిలుస్తారు. ఈసారీ సగం ఫైళ్లలో అదే కన్ను, అదే కన్నీటి బొట్టు, అదే సగం మొహం బుద్ధుడు. అన్నీ ఫోటో మీద గళ్లు గీసి దింపినవే. ఒక బుద్ధుడి బుగ్గ మీద ఆ గళ్లు ఇంకా చెరగనే లేదు! పిల్లల్ని ఏమని తిట్టను? కోచింగ్ సార్లు నేర్పేదే అది. కబ్బన్ పార్కులో అన్ని చెట్లున్నాయి, ఒక్క చెట్టునైనా చూసి గియ్యొచ్చుగా? జనవరిలో కుమారకృప రోడ్డు మీద జరిగే బొమ్మల సంత, చిత్రసంతెకు వెళ్లావా అని ఒకణ్ణి అడిగితే, సెల్ఫీలు దిగాం సార్ అన్నాడు.

హిందూపురం నుంచి వచ్చిన ఓ అమ్మాయి నోటుబుక్కులో, పాల లెక్కల పక్కన, బాల్‌పెన్నుతో గీసిన కుక్కర్ ఉంది. పిడి దగ్గర విరిగిన స్క్రూతో సహా. నేను దాన్నే చూస్తుంటే వాళ్ల నాన్న కంగారుపడి, "అది రఫ్ బుక్కు సార్, ఇది చూడండి" అని బుద్ధుణ్ణి తీశాడు.

మార్కుల షీటులో 'నీట్‌నెస్'కు 20. చూసి గీసినదానికి గడే లేదు.