రాత్రి తాగింది తెల్లారేసరికి దిగుతుందా?

ఆదివారం ఉదయం ఏడు గంటలు. మటన్ షాపు ముందు జనం అప్పటికే రోడ్డు మీదికి వచ్చేశారు. స్కూటర్ మీద ఒకాయన వచ్చి ఆగాడు. ముందు నాలుగేళ్ల కొడుకు నిలబడి ఉన్నాడు, హ్యాండిల్‌కు స్టీలు డబ్బా వేలాడుతోంది. రాత్రి దావత్ ఒంటిగంట దాకా సాగింది. కళ్లు కాస్త ఎర్రగా ఉన్నా మనిషి కుదురుగానే ఉన్నాడు. స్నానం చేశాడు, చాయ్ తాగాడు. ‘రాత్రిది రాత్రే దిగిపోయింది’ అని ఆయన నమ్మకం. ఇలాంటి వారు హైదరాబాద్ నగరంలో ప్రతి బస్తీలో, ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో లెక్కేసి చూద్దాం.

విస్కీ సీసా మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. 60 మిల్లీలీటర్ల పెగ్గులో ఆల్కహాల్ 20 గ్రాముల దాకా ఉంటుందన్నమాట. 70 కిలోల మగవాడి ఒంట్లో అది కలిస్తే 100 మిల్లీలీటర్ల రక్తానికి 40 మిల్లీగ్రాముల పైమాటే. నాలుగు పెగ్గులకు 170. కాలేయం గంటకు సుమారు 15 చొప్పున దాన్ని కరిగిస్తుంది. పదిన్నరకు మొదటి గ్లాసు ఎత్తాడనుకుంటే పొద్దున ఏడుకు ఎనిమిదిన్నర గంటలు. కరిగింది 127 అయితే ఇంకా 40 చిల్లర మిగిలే ఉంది. మోటారు వాహనాల చట్టం గీసిన గీత 30. కొడుకును ముందు నిలబెట్టుకుని వచ్చిన ఆ తండ్రి చట్టం లెక్కలో ఇంకా తాగి బండి నడుపుతున్నట్టే.

బరువు, వయసు, తిన్న తిండిని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ జరుగుతాయి. గంటకు 10 మాత్రమే కరిగించే కాలేయాలున్నాయి, 20 కరిగించేవీ ఉన్నాయి. తనది ఏ రకమో చెప్పగలిగే మొనగాడు ఏ టేబుల్ దగ్గరా ఉండడు. ఆడవారి ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి అదే పెగ్గుకు అంకె ఇంకా పైకి పోతుంది. నిమ్మరసం, మజ్జిగ, బ్లాక్ కాఫీ, తల మీద చన్నీళ్లు... వీటిలో ఏదీ కాలేయాన్ని తొందరపెట్టలేదు. కాఫీ నిద్ర మత్తు వదిలిస్తుందేమో గానీ మందు మత్తును వదిలించదు. ముందే కడుపు నిండా తింటే ఎక్కడం ఆలస్యమవుతుంది, అంతే. పైగా చివరి గుక్క దిగిన అరగంట నుంచి గంటన్నర దాకా రక్తంలో అంకె పెరుగుతూనే ఉండొచ్చు. బార్ పార్కింగ్‌లో ‘బాగానే ఉన్నా’ అన్నవాడు నాలుగు సిగ్నళ్లు దాటేసరికి అంత బాగా ఉండకపోవచ్చు.

బీరును మందు కింద లెక్కేయని ఊరు మనది. ‘ఒక్క బీరే కదా సార్’ అనేది చెక్‌పోస్టుల దగ్గర పోలీసులు రోజూ వినే మాట. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటి ఖాళీ కడుపున గబగబా తాగితే అదే 70 కిలోల మనిషిని 70 దాటించగలదు. అది గీతకు రెట్టింపు పైనే. డిసెంబరులో సెలవులకు దిగే మన అబ్బాయిలు ‘మా దగ్గర 80 దాకా ఓకే’ అంటుంటారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో గీత 80 దగ్గరే ఉన్న మాట నిజమే. కానీ యూటా 50కి దిగింది, బ్రిటన్‌లో స్కాట్లాండ్ కూడా అంతే. మన 1988 చట్టమైతే మొదట్లో రక్తంలో ఏ కొంచెం ఉన్నా నేరమే అంది. 30 అనే అంకె 1994 సవరణతో వచ్చింది. దాన్ని జనం పాస్ మార్కులా చూస్తున్నారు. 28 వచ్చినవాడు గట్టెక్కానని నవ్వుకుంటూ బండి స్టార్ట్ చేస్తాడు.

రోడ్డు మీద పోలీసులు ఊదించే మిషన్ రక్తాన్ని చూడదు, ఊపిరితిత్తుల లోతుల్లోంచి వచ్చే గాలిని చూస్తుంది. 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉండే ఆల్కహాల్ ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్నదానితో సమానమన్న లెక్క మీద అది అంకె చూపిస్తుంది. సోంపు, జర్దా పాన్, పుదీనా బిళ్లలు వాసనను కప్పుతాయి. మిషన్‌కు వాసనతో పని లేదు. నోట్లో అప్పుడే పోసుకున్న మౌత్‌వాష్ మాత్రం కాసేపు అంకెను పెంచగలదు. అలాంటి అనుమానం ఉంటే పావుగంట ఆగి మళ్లీ ఊదించమని అడగడం సబబే. అసలు ఊదనని మొరాయించడం తెలివి అనుకునేవారూ ఉన్నారు. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే దాన్నే వారికి వ్యతిరేకంగా వాడుకోవచ్చని 205 సెక్షన్ చెబుతోంది.

ఇది చలానా కట్టి మరచిపోయే వ్యవహారం కూడా కాదు. 185 సెక్షన్ కింద కోర్టుకు వెళ్లాలి. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.15,000 జరిమానా, లేదా రెండూ. 2019 సెప్టెంబరు నుంచి ఇదే అమలులో ఉంది. లైసెన్సు సస్పెండ్ కావచ్చు. బండి దెబ్బతింటే బీమా కంపెనీ క్లెయిమ్ తిప్పికొట్టొచ్చు. గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ శిక్షణ కేంద్రంలో కౌన్సెలింగ్‌కు కూర్చోవాలి, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని మరీ. భార్య పక్కన తల దించుకుని కూర్చునే ఆ గంట చాలామందికి జరిమానా కన్నా ఎక్కువ గుర్తుంటుంది.

ఇంతవరకు తాగి నడిపేవారి సంగతి. మాకు పోలీసులతో, ప్రభుత్వంతోనూ పేచీ ఉంది. శుక్ర, శనివారాల రాత్రి జూబ్లీహిల్స్, మాదాపూర్ వైపు తనిఖీలు ఉంటాయని ఊరందరికీ తెలుసు. ఎక్కడ ఆపుతున్నారో వాట్సాప్ గ్రూపుల్లో పది నిమిషాల్లో వచ్చేస్తుంది. బండి గల్లీలోకి మళ్లుతుంది, లేదా బారికేడ్లకు వంద గజాల ముందే డ్రైవింగ్ సీటులోకి భార్య మారుతుంది. 2016 జులైలో బడి నుంచి ఇంటికి వస్తున్న ఒక పాపను, ఆమె కుటుంబాన్ని పంజాగుట్ట దగ్గర చిదిమేసిన ప్రమాదం జరిగింది పట్టపగలు. డివైడర్ దాటి వచ్చి పడిన ఆ కారును నడిపింది తాగి ఉన్న విద్యార్థి. మందు అమ్మడానికి చట్టం పెట్టిన 21 ఏళ్లు కూడా అతనికి నిండలేదు. 2025 అక్టోబరు 24న హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కర్నూలు దగ్గర తగలబడి 19 మంది ప్రయాణికులు పోయారు. అక్కడ మొదట పడింది ఒక బైకు. దాన్ని నడిపినవాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. ఒకటి మధ్యాహ్నం, ఒకటి తెల్లవారుజాము. రెండూ మన శనివారం రాత్రి తనిఖీలకు అందే వేళలు కావు.

కాబట్టి మిషన్లు పగటిపూట కూడా బయటికి రావాలి. ఆదివారం, సోమవారం ఉదయాల్లో స్కూలు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు, టిప్పర్లు, క్యాబ్‌ల దగ్గర ఊదించాలి. డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్లను ఊదించే అలవాటు ఆర్టీసీ డిపోలకు ఉంది. ప్రైవేటు ట్రావెల్స్‌కు, స్కూళ్లకు అదే నియమం ఎందుకు పెట్టకూడదు?

ఇక పర్మిట్ రూంలు. వైన్స్ పక్కనే కూర్చుని తాగడానికి ప్రభుత్వమే ఫీజు తీసుకుని అనుమతిస్తుంది. సాయంత్రం ఏడు తర్వాత ఏ పర్మిట్ రూం ముందైనా నిలబడి చూడండి. ఫుట్‌పాత్ నిండా బైకులే. నడిచి వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లోపల అమ్మిన చేయి ఒకటి, బయట పట్టుకునే చేయి ఒకటి, రెండూ ఒకే సర్కారువి. ఆ బైకులు కదిలే చోటే ఒక మిషన్ పెడితే జూబ్లీహిల్స్ దాకా వెళ్లే పని తగ్గుతుంది. ఖజానాకు వచ్చేదాంట్లో కొంత మొహమాటం కూడా కలిసి వస్తోందేమో, అక్కడ మాత్రం బారికేడ్లు కనిపించవు.

‘తాగితే మెట్రో ఎక్కు’ అని చెప్పడం తేలికే. చివరి మెట్రో వెళ్లిపోయాక కూడా బార్లు తెరిచే ఉంటాయి. అర్ధరాత్రి మాదాపూర్‌లో క్యాబ్ బుక్ చేస్తే రేటు రెట్టింపు చూపిస్తుంది, మూడుసార్లు క్యాన్సిల్ అవుతుంది. నాగోల్ వెళ్లాల్సినవాడు ఫోను జేబులో పెట్టుకుని బైకు తాళం కోసం వెతుక్కునేది ఆ నిమిషంలోనే. శుక్ర, శనివారాల్లో అయినా బార్లు మూసిన గంట దాకా రైళ్లు నడపాలని మా డిమాండ్.