చెంబెడు నీళ్లు పోయనివ్వండి

మొన్నటి మహాశివరాత్రి నాడు విదేశంలో మనం కట్టుకున్న ఈ గుడిలో రెండో జాము అభిషేకం జరుగుతున్న వేళ, గర్భగుడి ముందు కట్టిన తాడు దగ్గర ఏం జరిగిందో వరుసలో ఉన్నవాళ్లందరూ చూశారు. చూసినవాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. కాశీ నుంచి కొడుకు ఇంటికి వచ్చిన ఒక పెద్దావిడ, మూత బిగించిన చిన్న రాగి చెంబులో గంగాజలమూ, రుమాలులో చుట్టిన నాలుగు మారేడు ఆకులూ పట్టుకుని గంటకు పైగా నిలబడి, తన వంతు రాగానే పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు కొద్దీ తాడు కింద నుంచి ఒంగి లోపలికి అడుగు వేయబోయారు. కండువా వేసుకున్న మన సంఘం కార్యకర్త చేయి అడ్డం పెట్టి ఆపాడు. ఆపడం అతని బాధ్యత, అందులో తప్పు పట్టవలసినది లేదు. అయితే ఆపినవాడు ఊరుకోకుండా, పక్కనున్న మిత్రుడి వైపు తిరిగి, "వీళ్లకు మడీ లేదు, ఆచారమూ లేదు, గుడికీ రేవుకీ తేడా తెలియదు" అని తెలుగులో అన్నాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడకు తెలుగు రాకపోయినా ఆ నవ్వు దేనికో తెలియకపోలేదు. చెంబు ఆవిడ చేతిలోంచి తీసుకుని, అందులోని నీళ్లు అభిషేకానికి సిద్ధంగా ఉంచిన ప్లాస్టిక్ బకెట్‌లో కలిపేసి, ఖాళీ చెంబు తిరిగి ఇచ్చారు.

ఆ తరువాత జరిగిన సర్వసభ్య సమావేశంలో ఒడియా కుటుంబాలు ఆషాఢ శుద్ధ విదియ నాడు మన కార్ల స్థలంలో పూరీలో లాగా జగన్నాథ రథయాత్ర జరుపుకొంటామని పెట్టిన అర్జీ చర్చకు వచ్చినప్పుడు, "చేతులు కూడా పూర్తిగా లేని విగ్రహాలను ఆగమం ఒప్పుకోదు" అని ఒక పెద్దమనిషి సెలవిచ్చారు. ఆగమం అంటే గుడి నిర్మాణానికీ పూజకూ విధులు చెప్పే శాస్త్రం. చప్పట్లు కూడా పడ్డాయి. అర్జీని "పరిశీలనలో" ఉంచారు. మన సంఘంలో పరిశీలన అంటే ఏమిటో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

మాది మార్కాపురం వైపు. మా అమ్మమ్మకు శ్రీశైలం అంటే పుట్టింటి లెక్క. దోర్నాల దాటి అడవిలోకి బస్సు ఎక్కడం మొదలుపెట్టగానే ఆవిడ కిటికీ పక్కకు జరిగి, శిఖరం ఎప్పుడు కనబడుతుందా అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ కూర్చునేది. శిఖరేశ్వరం దగ్గర దిగి నంది ముందు నువ్వులు పోసి, కొమ్ముల నడుమ నుంచి కళ్లు చికిలించి గుడి శిఖరాన్ని చూస్తే గాని మిగతా దారి సాగేది కాదు. శ్రీశైలం చేరాక ఎవరైనా స్నానం చేసి గుడికి వెళతారని అనుకుంటాం. అమ్మమ్మ మమ్మల్ని స్నానం చేయనిచ్చేది కాదు. కాళ్లకు దుమ్ము, తలలో దుమ్ము, బస్సులో వాంతి చేసుకున్న తమ్ముడి చొక్కా అలాగే ఉండగా నేరుగా లోపలికి తీసుకుపోయేది. దానిని ధూళి దర్శనం అంటారని, దారి దుమ్ముతో వచ్చినవాడిని మల్లయ్య ముందు పలకరిస్తాడని ఆవిడ నమ్మకం. గర్భగుడిలో నేల తడిగా, జారుడుగా ఉండేది. నా రెండు చేతులూ పట్టుకుని లింగం మీద పెట్టించి, "నుదురు ఆనించరా" అని మెడ వంచేది. నీళ్లకు తడిసి చల్లగా ఉన్న ఆ రాయీ, దానికి అంటుకున్న మారేడు ఆకు నా నుదుటికి అంటుకుని రావడమూ ఇప్పటికీ గుర్తే. మా వెనక కర్ణాటక నుంచి నడిచి వచ్చిన ఒక ముసలాయన, భుజాన కంబళితో, అరికాళ్లు పగిలి, లింగాన్ని రెండు చేతులా కౌగిలించుకుని కన్నడంలో ఏదో గొణుగుతూ ఏడుస్తుంటే, అర్చకుడు ఆయన లేచేదాకా ఆగాడు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు అనీ, మల్లయ్య తమ అల్లుడు అనీ ఉగాదికి చీరలు పట్టుకుని వచ్చే కన్నడిగుల సంగతి అమ్మమ్మే చెప్పింది. ఇప్పుడు రద్దీ పెరిగి స్పర్శ దర్శనానికి వేళలు, టికెట్లు, ఆంక్షలు వచ్చాయి. అది వేరే బాధ.

అదే శ్రీశైలంలో శివరాత్రి అర్ధరాత్రి దీపాలన్నీ ఆర్పివేసి, రోజుకు ఒక మూర చొప్పున ఏడాది పొడుగునా నేసిన పాగాను ఒక నేతగాడు ఒంటి మీద నూలుపోగు లేకుండా గర్భగుడి విమానం ఎక్కి కలశం నుంచి నవనందుల దాకా చుడతాడు. అది అయితే గాని స్వామికి కల్యాణం లేదు. మన గుడి శివరాత్రి కార్యక్రమ పత్రం తయారు చేసినవారిలో ఎంతమంది దానిని ఆగమ విరుద్ధమని కొట్టివేసి ఉండేవారో నాకు కుతూహలంగా ఉంది. చెంచులు మల్లయ్యను తమవాడంటారు, అహోబిలం నరసింహుణ్ణి బావ అంటారు. మేడారంలో విగ్రహమే లేదు, కోయ పూజారులు గద్దెల మీదికి తెచ్చేది వనదేవతలను. భక్తులు ఇచ్చేది బెల్లం, దానినే బంగారం అంటారు. ఇవన్నీ మనవే అయినప్పుడు కాశీ నుంచి వచ్చిన ఆవిడ చెంబు పరాయిది ఎట్లా అయిందో నాకు అర్థం కాదు.

అర్చకుల మాట కూడా నేను విన్నాను, దానిని తేలికగా తీసేయను. ప్రతిష్ఠ జరిగిన లింగానికి ఒక విధి ఉంటుంది. దీక్ష పొందినవారే తాకాలనే నియమాన్ని తమిళ దేశపు శైవాగమ సంప్రదాయం గట్టిగా పాటిస్తుంది. తిరుమలలో వైఖానసం, శ్రీరంగంలో పాంచరాత్రం అనే వైష్ణవాగమాలు తమ తమ హద్దులను శతాబ్దాలుగా కాపాడుకుంటూ వచ్చాయి. కేరళలో 15వ శతాబ్దపు తంత్రసముచ్చయం అనే పూజావిధి గ్రంథాన్ని బట్టి పూజ సాగుతుంది. అక్కడ మగవాళ్లు చొక్కా విప్పనిదే లోపలికి పోనివ్వని గుళ్లు ఎన్నో. శ్రీకాళహస్తిలో వాయులింగాన్ని అర్చకులు సైతం చేత్తో తాకరు. ఒక్కొక్క గుడికి ఒక్కొక్క కట్టుబాటు, దానిని గౌరవించాలి. కాశీలోనో, దేవఘర్‌లోనో లింగం మీద ఎవరైనా నీళ్లు పోయవచ్చు గనుక ఇక్కడా పోయనివ్వాలని వాదిస్తే, అదీ ఒక ప్రాంతపు పద్ధతిని మరొక దాని నెత్తిన రుద్దడమే. పాలూ నీళ్లూ కలిసి నేల జారుడై ఎవరైనా పడితే ఇన్సూరెన్స్ వాళ్లకు జవాబు చెప్పుకోవలసింది కార్యవర్గమే. ఇవన్నీ ఒప్పుకుంటాను.

కాని ఆగమం పేరు ఎత్తిన నోటితోనే మనం శ్రీరామ నవమి కల్యాణాన్ని దగ్గరి శనివారానికి జరుపుతున్నాం. పార్కింగ్ దొరకదని వినాయక నిమజ్జనాన్ని ఆదివారానికి మారుస్తున్నాం. వేంకటేశ్వరుడు, శివుడు, అమ్మవారు, అయ్యప్ప, సాయిబాబా ఒకే కప్పు కింద, ఒకే హీటర్ వెచ్చదనంలో కొలువై ఉన్న మన గుడి నిర్మాణం ఏ ఆగమానికి నిలుస్తుందో పెద్దలు సెలవివ్వాలి. తిథి ప్రకారమే జరగాలని, వారం మధ్యలో వచ్చినా సెలవు పెట్టుకుని జరుపుకొంటామని అడిగినవారు ఆ ఒడియా కుటుంబాలే.

పూరీ సంగతి ఎత్తారు గనుక అదీ చెప్పుకుందాం. అక్కడి మూర్తులు వేపకొయ్యవి. అధిక ఆషాఢం వచ్చిన కొన్ని సంవత్సరాలలో పాతవాటిని భూస్థాపితం చేసి కొత్తవి చెక్కుతారు, చివరిసారి 2015లో చెక్కారు. స్నానపూర్ణిమ తరువాత స్వామికి జ్వరం వచ్చినప్పుడు సేవ చేసేవారు శబర విశ్వావసు వంశీకులుగా చెప్పుకొనే దైతాపతులు. రథయాత్ర నాడు గజపతి మహారాజు బంగారు పిడి చీపురుతో రథాన్ని ఊడుస్తాడు. ఆనంద బజారులో మహాప్రసాదాన్ని కులం పట్టింపు లేకుండా కలిసి తింటారు. ఇప్పుడున్న ఆ ఆలయానికి 12వ శతాబ్దంలో పునాది వేసిన అనంతవర్మ చోడగంగ దేవుడి వంశానికి పాత రాజధాని మన శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం. అక్కడి మధుకేశ్వరుడి గుడి శిఖరం చూసినవారికి అది ఒడిశాలోదో మనదో వెంటనే పోల్చుకోవడం కష్టం. అలంపురం నవబ్రహ్మల గుళ్ల శిఖరాలూ చాలావరకు ఉత్తరాది తీరువే, బాదామి చాళుక్యులు కట్టించినవి. రాళ్లకు లేని పట్టింపు మనకెందుకు వచ్చిందో!

మనుషులకు సంబంధించి ఈ రాకపోకలు ఇంకా ఎక్కువ. బదరీనాథ్ రావల్, అంటే ప్రధాన అర్చకుడు, కేరళ నంబూద్రి. కేదారనాథ్ రావల్ పదవి సంప్రదాయంగా కర్ణాటక వీరశైవులది. నేపాల్ పశుపతినాథుడికి పూజ చేసే భట్టులు కర్ణాటక నుంచి వెళ్లినవారు. కాశీలో ఇప్పుడున్న విశ్వనాథుడి గుడిని 1780లో కట్టించింది మరాఠా రాణి అహల్యాబాయి హోల్కర్. ఇక మన తిరుమల నిర్వాహాన్ని 1843 నుంచి దాదాపు తొంభై ఏళ్లు చూసినది ఉత్తరాది నుంచి వచ్చిన హాథీరాంజీ బావాజీ పేరిట వెలసిన మఠం. "వీళ్లకు ఆచారం లేదు" అన్న ఆ పిల్లవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు, చెప్పవలసింది మనమే. బోనాల నాడు మనం తొడతొక్కిడిగా నిలబడే సికింద్రాబాద్ మహంకాళి పేరులో ఉజ్జయిని ఎందుకుందంటే, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉండగా సొంత ఊళ్లో కలరా తగ్గితే అమ్మవారిని తెచ్చి నిలుపుతానని మొక్కుకుని, 1815లో తెచ్చి నిలిపాడు కనుక. ఆయనను ఏ ఆగమం చదివి వచ్చావని ఎవరూ అడిగినట్టు లేదు.

మూల లింగాన్ని అందరూ తాకాలని నేను అడగడం లేదు. నర్మదలో దొరికే బాణలింగానికి ప్రతిష్ఠ అక్కరలేదని, అది స్వతఃసిద్ధమని మన శాస్త్రమే చెబుతుంది. అటువంటి లింగం ఒకటి తెప్పించి, శివరాత్రి నాడు మొదటి జాము నుంచి తెల్లవారే దాకా మండపంలో పానవట్టం మీద ఉంచి, అడుగున జారని చాప పరిచి, ఎవరి చెంబుతో వారిని, ఎవరి నోటికి వచ్చిన మంత్రంతో వారిని నీళ్లు పోసుకోనివ్వండి. మంత్రం రానివారు "హర హర" అంటారు, కాశీవాళ్లు "బం బం" అంటారు, కన్నడిగులు ఏడుస్తారు. ఆషాఢ శుద్ధ విదియ నాడు కార్ల స్థలం తాళం ఒడియా కుటుంబాలకు ఇవ్వండి. ఆ రోజు మన పిల్లలను కూడా రథం తాడు పట్టుకోవడానికి పంపండి. తాడు దగ్గర నిలబడే కార్యకర్తలను పండుగకు ముందు ఒక గంట కూర్చోబెట్టి ఎవరు ఎక్కడి నుంచి వస్తారో, వారి ఊళ్లో ఏం చేస్తారో చెప్పండి. ఆ పని చేయడానికి ఉత్తరాది కుటుంబాలలో విశ్రాంత అధ్యాపకులు ఇద్దరు ఇప్పటికే ఒప్పుకున్నారు.

ఈ మూడూ కలిపి ఒక తీర్మానం రాసి కార్యదర్శికి అందజేశాను. నియమావళి ప్రకారం దానిని బలపరచడానికి మరొక జీవిత సభ్యుడు కావాలి, వచ్చే సమావేశానికి పది రోజుల ముందు సంతకం చేయాలి. ఆ శివరాత్రి రాత్రి వరుసలో నిలబడి చూసినవారిలో ఎవరు వచ్చినా చాలు.